అవ్వ పాటలో నాలుగు మాత్రలు

మొన్న తొమ్మిదో తరగతి పిల్లల తెలుగు పేపర్లు దిద్దుతూ ఒక జవాబు దగ్గర ఆగిపోయాను. పద్యపాదానికి గురులఘువులు గుర్తించి గణవిభజన చేయమన్న ప్రశ్న అది. ఆ పిల్ల అన్ని అక్షరాల మీదా గుర్తులు పెట్టింది. చివర రెండక్షరాలు మిగిలిపోయాయి. వాటిని ఏం చేయాలో తోచక పక్కన పెన్సిలుతో చిన్నగా రాసింది: "మేడం, ఇవి ఎక్కువైనయి. నేనైతే లెక్క తప్పలేదు."

మార్కు తీసేయాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. ఎర్రపెన్ను పక్కన పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ వయసులో నేనూ అంతే. నా లెక్క తప్పదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం మా అవ్వ దగ్గర విరిగింది.

మా ఊరు కల్వకుర్తి నుంచి శ్రీశైలం పోయే రోడ్డు దిగి లోపలికి నడిస్తే వచ్చేది. ఊరు ఇప్పటికీ అక్కడే ఉంది. నేను చెప్పే ఊరు మాత్రం లేదు. కొత్త రాష్ట్రం వచ్చిన తొలి రోజులవి. బడికి కొత్త పుస్తకాలొచ్చాయి, పెద్దవాళ్ళ మాటల్లో కొత్త ఆశలొచ్చాయి. వాన మాత్రం ఎప్పటిలాగే తన ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది. వాన మీదే పండే ఎర్రటి చెలక నేలలు, మధ్యమధ్య రాళ్ళగుట్టలు, బోరు వేస్తే దుమ్ము. జొన్న, ఆముదం, కంది, కొంచెం పత్తి. నాలుగు చినుకులు పడిన రోజు ఇంట్లో అందరి గొంతులూ మెత్తబడేవి. పడని రోజుల్లో గిన్నె కింద పెట్టిన చప్పుడుకు కూడా కసురుకునేవాళ్ళు.

మాది గొర్రెలు మేపే ఇల్లు. బాపు ఎండాకాలమంతా మందను తోలుకుని కృష్ణ ఒడ్డు దాకా పోయి, తొలకరికి తిరిగొచ్చేవాడు. ఆయన వచ్చాడని చూడకుండానే తెలిసిపోయేది. తడిసిన గొంగడి వాసన వాకిట్లోకి ముందొచ్చేది. ఆ వాసన, అవ్వ పొయ్యి మీద కాలే జొన్నరొట్టె వాసన, రోట్లో దంచిన పచ్చి చింతకాయ తొక్కు పులుపు. ఈ మూడూ కలిస్తే నాకు వానకాలం మొదలైనట్టు.

అవ్వ అంటే బాపు తల్లి. పొట్టి మనిషి, కాళ్ళకు వెండి కడియాలు, బొడ్లో పొగాకు సంచి. బడి ముఖం చూడలేదు. కాని ఊళ్ళో ఏ చేనులో కలుపుకు మనుషులను పిలిచినా ముందు మా ఇంటికే వచ్చేవారు. "అవ్వొస్తే పాటొస్తది, పాటొస్తే పనైతది" అనేవారు. ఆడవాళ్ళు పదిహేనుమంది సాలుకొకరు కూర్చుని, చిన్న పారలతో కలుపు తీస్తూ ముందుకు జరిగేవాళ్ళు. అవ్వ ఒక పాదం ఎత్తుకునేది, మిగతావాళ్ళు దాన్నే అందుకునేవాళ్ళు. పార దెబ్బ పాటతో కలిసి పడేది. సెలవు రోజుల్లో నేనూ అమ్మ పక్కన ఒక సాలు పట్టేదాన్ని. నా సాలులో కలుపు కంటే జొన్నమొక్కలే ఎక్కువ తెగేవి.

ఆ ఏడే మాకు తెలుగు సారు కొత్తగా వచ్చాడు. రోజూ కల్వకుర్తి నుంచి బస్సు. చేతిలో సన్నటి బెత్తం ఉండేది. దాంతో ఎవరినీ కొట్టేవాడు కాదు, బల్ల మీద తాళం వేసేవాడు.

"పద్యమంటే భయపడకుండ్రి. అది నడుస్తది. దాని నడకెట్లుందో మనం చూస్తం, గంతే," అన్నాడు మొదటి రోజు. "ఒక్క చిటికె సేపు పలికితే లఘువు. అది ఒక మాత్ర. రెండు చిటికెల సేపు పడితే గురువు. రెండు మాత్రలు. 'గొర్రె' అనుండ్రి. 'గొ' మీద ఎంత బరువు పడ్డదో చూసిండ్రా? పక్కన జంటగ 'ర్రె' ఉంది గదా, దాని బరువు దీని మీద పడ్డది."

గొర్రె అనగానే తరగతంతా నన్ను చూసి నవ్వింది. నాకు కోపం రాలేదు. ఆ మాట తిన్నగా నాలోకి దిగిపోయింది. లఘువుకు నిలువు గీత, గురువుకు గిన్నెలాంటి గుర్తు. ఆ రోజు నుంచి నాకు మాటలు వినపడటం మానేసి గీతలు, గిన్నెలు వినపడటం మొదలయ్యాయి. బస్సు బోర్డు, సబ్బు కాగితం, హెడ్మాస్టరు పేరు, దేన్నీ వదల్లేదు.

ఒకరోజు ఇంకో అడుగు వేశాను. బాపు గొర్రెల గుర్తు కోసం కలిపి పెట్టిన ఎర్ర జాజు రంగు డబ్బా దొరికింది. మూడు గొర్రెపిల్లల వీపుల మీద ఒక్కో నిలువు గీత గీసి, పక్కనున్న తల్లి గొర్రె మీద పెద్ద గిన్నె గుర్తు పెట్టాను. సాయంత్రం బాపు మందను లెక్క చూసుకుంటూ వచ్చి వాటి దగ్గర నిలబడిపోయాడు.

"గిదేందే? ఎవరి గుర్తిది? మన గొర్రెల్ల వేరేటోళ్ళయి కలిసినయా?"

"కాదు బాపూ. మూడు లఘువులు, ఒక గురువు. నగం. అది ఇంద్రగణం," అన్నాను.

బాపు తలపాగా తీసి దులిపి మళ్ళీ కట్టుకున్నాడు. "సదువు మంచిదే గని, జర కాగితం మీద సదువు బిడ్డా," అన్నాడు.

అవ్వ మాత్రం చీపురు అందుకుంది. "నీ నోట్ల మన్ను వడ!" అని తిట్టింది. నేను పరుగెత్తుతూనే వేళ్ళ మీద లెక్కేశాను. 'నీ నోట్ల' త-గణం, ఇంద్రగణాల్లోది. 'మన్ను' గలం, సూర్యగణం. 'వడ' మిగిలిపోయింది. వాకిలి అవతల నిలబడి అదే చెప్పాను. "అవ్వా, నీ తిట్టుకు రెండు మాత్రలు ఎక్కువైనయే!"

"మాత్రలా? నాకేం రోగమొచ్చిందే? దవాఖానకు పోయినప్పుడు గుడ నేను మాత్రలు మింగలే," అంది అవ్వ. చీపురు పట్టుకునే నవ్వేసింది. అవ్వ కోపం అంతసేపే.

ఆ వానకాలం మధ్యలో సారు మాకో పని పెట్టాడు. ఎవరింట్లో పాడే పాటను వాళ్ళు రాసుకురావాలి. దాని నడక, యతి, ప్రాస, ఎన్ని పాదాలు, ఎట్లా కట్టారు, అన్నీ విడదీసి చూపాలి. బాగా చేసినవాళ్ళు మండలంలో జరిగే విద్యార్థుల సభలో చదవాలి. పాడే పెద్దవాళ్ళను కూడా వెంట తేవచ్చు.

నాకు వెతుక్కునే పనే లేదు. అవ్వ కలుపు పాటల్లో అందరికంటే నాకు ఇష్టమైనది మొగులు పాట. మా వైపు మబ్బును మొగులంటాం. వాన ఆలస్యమైన రోజుల్లో చేనులో కూర్చుని అవ్వ దాన్ని ఎత్తుకునేది. ఒక పలకలాంటి అట్ట మీద కాగితం పెట్టుకుని, అవ్వ ముందు కూర్చుని రాసుకున్నాను.

నల్లని మొగులా నడువవె తల్లీ
పిల్లల కడుపులు పిలవగ రావే
ఎండిన చెలకల ఎదలను తడిపీ
మండిన గుండెల మంటలు ఆర్పవె
చంకల బిడ్డడు సన్నగ ఏడ్సే
ఇంకిన చెలిమెల ఏడీ

చెలిమె అంటే వాగు ఎండిపోయినప్పుడు ఇసుకలో తవ్వుకునే గుంత. అడుగున ఊరిన నీటిని చిప్పతో తోడుకుంటారు.

మర్నాడు సారు ఆ పాటను నల్లబల్ల మీద రాసి బెత్తంతో తాళం వేయడం మొదలుపెట్టాడు. నల్లని, నాలుగు మాత్రలు. మొగులా, నాలుగు. నడువవె, నాలుగు. తల్లీ, నాలుగు. పాదానికి నాలుగు దరువులు, పదహారు మాత్రలు. రెండో పాదం అట్లాగే. మూడోదీ అట్లాగే. మా అవ్వ 'చెలకల' అనకుండా 'చెల్కల' అని పాడుతుందని నేను లేచి చెప్పాను. సారు రెండు రకాలుగానూ గుర్తులు పెట్టి చూశాడు. చెలకల అన్నా నాలుగే, చెల్కల అన్నా నాలుగే.

"చూసిండ్రా! పుస్తకంల మాటైనా, మన నోట్ల మాటైనా, నడక తప్పలే," అన్నాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. తర్వాత ప్రాస చూపించాడు. పాదంలో రెండో అక్షరం రెండేసి పాదాలకు కలిసింది. నల్లని, పిల్లల. ఎండిన, మండిన. చంకల, ఇంకిన. యతి చూపించాడు. పాదం మొదటి అక్షరానికి మూడో దరువు మొదటి అక్షరం చుట్టం కావాలి. నల్లనికి నడువవె, పిల్లలకు పిలవగ, ఎండినకు ఎదలను, మండినకు మంటలు. చంకలకు సన్నగ ఎట్లా కుదిరిందని ఒకడు అడిగితే, చకారానికీ సకారానికీ పాత స్నేహమని చెప్పాడు.

"బడి మెట్టు ఎక్కని మనిషి పాటల యతి, ప్రాస రెండూ ఉన్నయి. నేను గివి నేర్సుకునేటందుకు కాలేజీకి పోయిన," అన్నాడు సారు. నాకు ఆ పూట నేల మీద కాళ్ళు ఆనలేదు.

ఆరో పాదం దగ్గర బెత్తం ఆగింది. ఇంకిన, నాలుగు. చెలిమెల, నాలుగు. ఏడీ, నాలుగు. పన్నెండే. అవ్వ 'ఏడీ' ముందే ఆగుతుంది, అంటే మూడో దరువు లేదు. సరిగ్గా యతి పడాల్సిన జాగానే ఖాళీ.

"ఏదో మాట జారిపోయింది. పెద్దమనిషి గదా, మరిచిపోయి ఉంటది. అడుగు," అన్నాడు సారు.

ఇంటికొచ్చి అడిగాను. అవ్వ మేకపిల్లకు ఆకు తినిపిస్తోంది. "అవ్వా, ఇంకిన చెలిమెల తర్వాత ఏముంటది?"

"గంతే."

"గంతే అంటే? ఇంకో మాటుండాలె."

"గది గంతే బిడ్డా," అంది, నావైపు చూడకుండా.

చేనులో పాడేటప్పుడు అక్కడ అందరూ పాట ఆపి, పార ఎత్తి, ఒక జానెడు ముందుకు జరిగేవాళ్ళు. మళ్ళీ 'ఏడీ' అని అందుకునేవాళ్ళు. జరగడం కోసమే ఆ ఖాళీ వదిలారనుకున్నాను నేను. అవ్వ మరిచిపోయిందని, ఒప్పుకోవడానికి సిగ్గుపడుతోందని కూడా అనుకున్నాను. ఇంకా గట్టిగా అడగాల్సింది. అడగలేదు. అడిగితే నేను పూరించే అవకాశం పోతుందన్న ఆశ కూడా లోపల ఉండేదేమో.

రెండు రోజులు పాఠ్యపుస్తకం వెనక ఉన్న పదాల అర్థాలన్నీ గాలించాను. ఇకారంతోనో ఎకారంతోనో మొదలవ్వాలి, నాలుగు మాత్రలుండాలి. చివరికి దొరికింది. 'ఇంచుక'. కొంచెం అని అర్థం. ఇంకొకటి కూడా సరిచేశాను. 'ఏడీ' అని మనిషినంటాం, నీటిని 'ఏదీ' అనాలి. ఇంకిన చెలిమెల ఇంచుక ఏదీ. ఎండిపోయిన చెలిమెలో కొంచెమైనా ఏది అని. పదహారు మాత్రలు. యతి కుదిరింది, అర్థం కుదిరింది. సారు చూసి భుజం తట్టాడు. చార్టు మీద నీలం సిరాతో పాటంతా రాసి, ఆ రెండు మాటలను ఎర్ర సిరాతో దిద్దాను.

సభ రోజు అవ్వ తన పెట్టెలోని పచ్చ చీర కట్టుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా ఎవరి చేనులో కలుపు ఎంతుందో చెబుతూ వచ్చింది. హైస్కూలు ఆవరణలో షామియానా, ముందు కుర్చీల్లో అధికారులు, వెనక నాలుగూళ్ళ పిల్లలు. అవ్వ మైకు ముందు నిలబడి ముందు దాన్ని చేత్తో తట్టి చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని పాట ఎత్తుకుంది. చేనులో పాడే గొంతే. తగ్గించలేదు, పెంచలేదు. నేను పక్కన చార్టు పట్టుకుని ఒక్కొక్క మాట మీదా కర్ర పెడుతున్నాను.

"చంకల బిడ్డడు సన్నగ ఏడ్సే. ఇంకిన చెలిమెల..."

అవ్వ ఆగింది. నేను మైకు దగ్గరికి వంగి గట్టిగా అన్నాను: "ఇంచుక ఏదీ!" తర్వాత అధికారుల వైపు తిరిగి, నేర్చుకొచ్చిన పుస్తక భాషలో చెప్పాను. "మా అవ్వ ఇక్కడొక మాట మరచిపోయింది. ఛందస్సు సహాయంతో ఆ లోపాన్ని నేను పూరించాను."

చప్పట్లు మోగాయి. ముందు వరుసలో ఒకాయన లేచి మరీ కొట్టాడు. నేను అవ్వ వైపు చూశాను. అవ్వ కళ్ళు తెరిచి చార్టు మీది ఎర్ర అక్షరాలను చూస్తోంది. చదవలేదు కదా, ఊరికే చూస్తోంది. చూసి, కొంగు భుజం మీదికి లాక్కుని, మెట్లు దిగి వెళ్ళి చివరి వరుసలో పిల్లల మధ్య కూర్చుంది.

నాకు బహుమతిగా పెద్ద నిఘంటువు ఇచ్చారు. బస్సులో దాన్ని అవ్వ ఒళ్ళో పెట్టాను. "బరువుంది," అంది. కలుపు గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

మర్నాటి నుంచి అవ్వ పాడటం మానేసింది. చేనుకు వచ్చేది, పని చేసేది, వెళ్ళేది. ఎవరైనా "ఎత్తుకో అవ్వా" అంటే "గొంతు బాగలేదు" అనేది. పాట లేని సాళ్ళలో పారలు ఎవరివి వాళ్ళకు పడుతున్నాయి. ఒకరు ముందు, ఒకరు వెనక. మూడో రోజు అమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"ఏమన్నవే అవ్వను?"

"ఏమనలే. మరిచిపోయిన మాట చెప్పిన."

"పదిహేనేండ్ల సంది ఆమెతోని కలుపు తీస్తున్న. గాడ పాట ఆగుతది. ఎందుకాగుతదని నేనొక్కనాడు అడగలే. నువ్వు అందరి ముంగట మరిచిందంటివి," అంది అమ్మ. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

మర్నాడు పొద్దున వాన సన్నగా పడుతోంది. అందరూ ఎదురుచూసిన వాన. చేనుకు పోయే పని లేదు. అవ్వ పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చేస్తోంది. జొన్నపిండి ముద్దను పీట మీద పెట్టి, తడిచేత్తో తిప్పుతూ తట్టడం. నేను గోడకానుకుని చూస్తున్నాను. కొంతసేపటికి ఆ చప్పుడు నా చెవుల్లో సర్దుకుంది. నాలుగు తట్లు, ఒక తిప్పు. నాలుగు తట్లు, ఒక తిప్పు. నోరు మూసుకునే ఉంది. చేతులు మొగులు పాట పాడుతున్నాయి. అవ్వకు అది తెలుసో లేదో.

నేను లోపల పదాలు కలుపుకుంటూ పోయాను. ఎండిన, చెల్కల. మండిన, గుండెల. చంకల, బిడ్డడు. ఇంకిన, చెలిమెల. చేతులు ఆగిపోయాయి. రొట్టె మీద గాల్లో నిలబడ్డాయి. సరిగ్గా నాలుగు తట్లు పట్టేంతసేపు. తర్వాత మళ్ళీ పడ్డాయి. ఏడీ.

మరిచిపోయిన మనిషి చేతులు అంత లెక్కగా ఆగవు. లేచి వెళ్ళి అవ్వ పక్కన కూర్చున్నాను.

"అవ్వా, నువ్వు మరిచిపోలే."

అవ్వ రొట్టెను పెంక మీద వేసింది. అది పొంగేదాకా చూసి, తిప్పేసి, అప్పుడు మాట్లాడింది.

"గీ పాట నాది కాదు బిడ్డా. మా అమ్మది. కరువొచ్చిన యాడాది కట్టింది. అప్పుడు నాకు ఎనిమిదేండ్లుంటయేమో. వాగుల చెలిమె తీసుకుంట పాడేది. గాడ ఒక పేరుండె."

"ఎవరి పేరు?"

"మా తమ్మునిది. గప్పుడప్పుడే నడక నేర్సిండు. మేము ఇసుక తోడుతుంటే చెలిమెల దిగి దాక్కునేటోడు. మా అమ్మ పాడుకుంట పాడుకుంట, ఇంకిన చెలిమెల వాడేడీ అని పేరు పెట్టి పిలిచేది. పేరు వినంగనే చెయ్యి పైకి ఎత్తి కిలకిల నవ్వేటోడు. వాడు నవ్వాలనే ఆ పాట మళ్ళ మళ్ళ పాడేది. పొద్దంత తోడితే కుండెడు నీళ్ళు. గా నీళ్ళ కోసం కాదే, వాని నవ్వు కోసం పోయేది నేను."

అవ్వ ఇంకో ముద్ద చేతిలోకి తీసుకుంది. తట్టలేదు.

"గా ఎండకాలమే ఊరంత గత్తర రోగమొచ్చింది. రెండు దినాలల్ల పోయిండు. మూడోనాడు మా అమ్మ చెలిమెకు పోవాల్సొచ్చింది. ఇంట్ల నీళ్ళు లేవు గదా. తోడుతుంటే అలవాటుగ పాట వచ్చింది. గాడికొచ్చేసరికి పేరు నోట్లకెల్లి రాలే. పాట ఆగలే, పేరు ఆగింది. గప్పటిసంది మా అమ్మ గట్లనే పాడింది. నేను గట్లనే పాడుతున్న. ఇంచుక ఏందే ఇంచుక? వాని జాగల నువ్వు గా మాట పెడితివి."

నేను ఏడుస్తుంటే అవ్వ పిండి చేత్తోనే నా ముఖం తుడిచింది. చెంపంతా జొన్నపిండి. "ఊకో. నీకెవరు చెప్పిండ్రు, తెల్వడానికి? నాకు గుడ నోరు రాలే. అందరి ముంగట చెప్పే ముచ్చటనా అది?" అంది.

"పేరేంది అవ్వా?"

వంగి నా చెవిలో చెప్పింది. ఏడుస్తూనే లెక్కేసుకున్నాను, అలవాటు పోదు కదా. నాలుగు మాత్రలు. మొదటి అక్షరం యతికి సరిపోయింది. బడి ముఖం చూడని ఆ ముత్తవ్వ తన కొడుకు పేరును సరిగ్గా పాటలో ఎక్కడ కూర్చోవాలో అక్కడ కూర్చోబెట్టింది. 'ఏడీ' కూడా తప్పు కాదు. అది నీళ్ళను వెతికే మాట కాదు. మనిషిని వెతికే మాటను నేను ఎర్రసిరాతో దిద్దాను.

ఆ పేరు ఇక్కడ రాయను. అవ్వ చెవిలో చెప్పింది.

మర్నాడు సారుకు చెప్పాను. ఆయన చేతిలోని సుద్దముక్కను బల్ల మీద పెట్టేశాడు. సాయంత్రం బస్సు ఎక్కకుండా నాతో పాటు మా చేనుకు నడిచొచ్చాడు. బురదలో చెప్పులు దిగబడుతుంటే వాటిని చేత్తో పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. ఆడవాళ్ళంతా పారలు ఆపి చూశారు.

"అవ్వా, తప్పు పిల్లది కాదు. నాది. పాట లెక్క చూసిన, పాడే మనిషిని అడగలే. నన్ను మాఫ్ చెయ్యాలె," అన్నాడు.

అవ్వ కంగారుపడి లేచింది. "అయ్యో సారూ, గంత మాటెందుకు? సదువు చెప్పే మనిషివి. గీ బురదల యాడ కూసుంటవు? అమ్మాయ్, ఆ గొంగడి తెచ్చి సారుకు ఎయ్యి."

సారు గొంగడి మీద కూర్చున్నాడు. అమ్మ మూట విప్పి రొట్టె, ఉల్లిగడ్డ, తొక్కు ఇచ్చింది. ఆయన తిని, వేళ్ళు నాక్కుని, తొక్కు ఇంకొంచెం అడిగాడు. దాంతో ఆడవాళ్ళ బెరుకు పోయింది.

"ఇగ ఎత్తుకో అవ్వా. సారు వింటడు," అంది ఎవరో.

అవ్వ పార అందుకుంది. ఒక క్షణం నావైపు చూసింది. నల్లని మొగులా అని ఎత్తుకుంది. అన్ని రోజులూ ఎవరికి వాళ్ళుగా ఉన్న పారలు ఒక్కటిగా పడ్డాయి. సారు గట్టు మీద చేత్తో తాళం వేస్తున్నాడు. ఇంకిన చెలిమెల దగ్గర గొంతులన్నీ ఆగాయి. అందరూ ముందుకు జరిగారు. సారు చెయ్యి మాత్రం ఆగలేదు. ఆ ఖాళీలో కూడా మెత్తగా ఒక దరువు వేశాడు. నేనూ నోరు మూసుకుని ముందుకు జరిగాను. అంతకు ముందు ఎన్నిసార్లో జరిగాను. ఎవరి కోసం జరుగుతున్నానో ఆ రోజే తెలిసింది.

తర్వాతి పాఠంలో సారు ఆ పాదాన్ని మళ్ళీ బల్ల మీద రాశాడు. 'ఇంచుక' లేదు. ఆ చోట ఏమీ రాయలేదు. "పలికినవి పన్నెండు, పలకనివి నాలుగు. పాదం నిండింది. మాత్ర అంటే కాలం కొలత. అక్షరం లేకపోయినంత మాత్రాన కాలం ఆగదు," అన్నాడు. ఎందుకు పలకరో పిల్లలకు చెప్పలేదు. అవ్వను అడక్కుండా చెప్పనన్నాడు.

ఈ ఉద్యోగంలో చేరాక ఛందస్సు పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు వాళ్ళిద్దరూ గుర్తొస్తారు. లెక్క నేర్పిన మనిషి ఒకరు. లెక్కకు అవతల ఏముంటుందో చూపించిన మనిషి ఒకరు. ఇద్దరూ నన్ను కొట్టలేదు, ఇద్దరూ నన్ను క్షమించారు. ఒక పల్లెలో, ఒకే వానకాలంలో ఇద్దరు గురువులు దొరకడం ఎంత అదృష్టమో అప్పుడు తెలియలేదు. తెలిసేసరికి సారు రిటైరై తన ఊరికి వెళ్ళిపోయాడు. ఉత్తరం రాస్తే పెద్ద పెద్ద అక్షరాలతో జవాబిచ్చాడు. అవ్వ తొక్కు రుచి గురించి సగం ఉత్తరం ఉంది అందులో.

ఇప్పుడు మా చెలకల్లో వరి పండుతోంది. కాలువ నీళ్ళొచ్చాయి. కలుపుకు మందు కొడుతున్నారు. నాట్లకు దూర రాష్ట్రాల నుంచి మనుషులొస్తున్నారు, వాళ్ళ భాషలో వాళ్ళు ఏదో పాడుకుంటారు. గొంగడి ఇంట్లో ఒకటే మిగిలింది. మొగులు పాట ఎత్తుకునే చేను లేదు, అందుకునే వరుస లేదు. బాధ లేదని చెప్పను. కాని కుండెడు నీళ్ళ కోసం పొద్దంతా ఇసుక తోడిన కాలం తిరిగి రావాలని కోరుకోవడానికి నాకు మనసొప్పదు.

కాలువ మా ఊరి పక్కకు వచ్చిన ఏడు అవ్వ ఇంకా ఉంది. మోకాళ్ళు పట్టేసి నడవలేకపోయేది. నేను సెలవులకు వచ్చినప్పుడు, చూస్తానంటే బాపు బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ముగ్గురం వెళ్ళాం. గట్టు నిండా జనం. పిల్లలు దూకుతున్నారు. అవ్వను మెల్లగా దింపి మెట్టు మీద కూర్చోబెట్టాను. కడియాలతో సహా కాళ్ళు నీళ్ళలో పెట్టింది. ఒక దోసిలి తీసుకుని ముఖం కడుక్కుంది. ఇంకో దోసిలి తీసి నా నెత్తి మీద పోసింది. తర్వాత నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయో అటే చూస్తూ కూర్చుంది.

"అవ్వా, మొగులు పాట పాడరాదూ," అన్నాను.

అవ్వ నావైపు వింతగా చూసింది. పళ్ళు లేని నోటితో నవ్వు మొదలైంది.

"వచ్చినంక ఇంక పిలుసుడేందే, పిచ్చి బిడ్డా?"